ఊరి సమస్య మీద సంఘాలన్నీ కలిసి అర్జీ పెట్టాలంటే

డిసెంబరులో మన మండల కేంద్రాల్లో జరిగే ఐక్య క్రిస్మస్ సభలు మీరు చూసే ఉంటారు. బాప్టిస్టు అయ్యగారు ప్రార్థన చేస్తారు, పెంతెకొస్తు పాస్టర్ గారు పాటలు నడిపిస్తారు, లూథరన్ పెద్ద ఒకాయన ఆశీర్వచనం చెబుతారు. ఎమ్మెల్యే గారు వచ్చి కేకు కోస్తారు. జనవరి నుంచి మళ్లీ ఎవరి మందిరం వారిది. బాప్తిస్మం ఎలా ఇవ్వాలి, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం ఎవరు తీసుకోవాలి అన్న తేడాలు ఉన్నచోటే ఉంటాయి. ఉండనివ్వండి, వాటిని తీర్చడం ఈ వ్యాసం పని కాదు. ఊరి కుళాయి, శ్మశానానికి దారి, డయాలసిస్‌కు వెళ్లే మనిషికి బస్సు, వలస పనిలో కూలి డబ్బులు రాని కుటుంబం... ఇలాంటి వాటి మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని క్రైస్తవ సంఘాలు ఒకే అర్జీతో కలెక్టరేటుకు ఎలా వెళ్లాలో మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మన వైపు ఈ పని నిలబడాలంటే కాగితం మీద ఊరి పేరు ముందు ఉండాలి, సంఘాల పేర్లు వెనక ఉండాలి. దీనికి చట్టం వైపు నుంచి కారణాలున్నాయి, మనుషుల వైపు నుంచి అంతకన్నా పెద్ద కారణాలున్నాయి.

ముందు ఎవరిని కలవాలి

మీ మండలంలో పాస్టర్స్ ఫెలోషిప్ ఉంటే దాని ద్వారానే వెళ్లండి. కానీ నెల మీటింగులో హఠాత్తుగా లేచి ప్రతిపాదన పెట్టకండి. నలుగురిలో అడిగితే ఎవరైనా "ప్రార్థన చేద్దాం" అంటారు, విషయం అక్కడితో ఆగిపోతుంది. ముందుగా ముగ్గురిని ఇంటికి వెళ్లి కలవండి. ఒకరు పాత మిషన్ సంఘం కాపరి, ఒకరు స్వతంత్ర సంఘం పాస్టర్, మూడోవారు మండలంలో అందరికన్నా చిన్న సంఘం నడిపేవారు. చిన్న సంఘం ఎందుకంటే, పెద్ద సంఘంతో మొదలుపెడితే మిగతావాళ్లంతా "అది వాళ్ల ప్రోగ్రాం" అనుకుని దూరంగా ఉండిపోతారు.

"ఇవన్నీ లోకసంబంధమైన విషయాలు, మనకెందుకు" అనే మాట తప్పకుండా వస్తుంది. వాదించకండి, అపొస్తలుల కార్యములు తీయండి. ఫిలిప్పీలో న్యాయాధిపతులు గుట్టుగా వదిలేస్తామంటే పౌలు ఒప్పుకోలేదు, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. ఫేస్తు ముందు నిలబడి కైసరుకే చెప్పుకుంటానన్నాడు. అధికారికి అర్జీ పెట్టుకోవడం ఎదిరించడం కాదని చెప్పడానికి ఆ రెండు అధ్యాయాలు చాలు. అయినా రానివారిని బలవంతపెట్టవద్దు. మండలంలో ఉన్న సంఘాల్లో సగం వచ్చినా పని మొదలుపెట్టవచ్చు.

సంతకం ఎవరిది చెల్లుతుంది

ఇది తెలియకపోవడం వల్లనే ఎక్కువ పనులు మధ్యలో చెడతాయి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

టెక్కలి, సోంపేట, పాలకొండ, బొబ్బిలి వైపు పాత సంఘాలు చాలావరకు కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటివి. 1874లో కాకినాడలో మొదలైన ఆ మిషన్ తీరం వెంట ఉత్తరానికి వచ్చింది. ఆ సంఘాల కన్వెన్షన్‌నే ఈనాడు సీబీసీఎన్‌సీ అంటున్నాం. బాప్టిస్టు పద్ధతిలో నిర్ణయం సంఘానిది. కాపరి ఒక్కరే సంతకం పెడితే వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీదే గొడవ మొదలవుతుంది: "మా అయ్యగారు సంతకం పెట్టీసినారు గానీ మాతో ఒక ముక్క చెప్పనేదు." కాబట్టి బాప్టిస్టు సంఘం నుంచి కాపరి సంతకం కాదు, సంఘ సభ తీర్మానం కాపీ అడగండి. మినిట్స్ పుస్తకంలో రాయించండి.

1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయ్యారు. బాప్టిస్టులు, లూథరన్లు అందులో కలవలేదు. సీఎస్ఐ సంఘం ఉన్నచోట పాస్టరేట్ కమిటీ ఒప్పుకోవాలి, పై వాళ్లకు కబురు వెళ్లాలి. సాలూరు, పార్వతీపురం వైపు జైపూర్ లూథరన్ సంఘాలదీ ఇంచుమించు అదే దారి. ఆ ప్రాంతం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది కాబట్టి అక్కడి సమస్యకు విజయనగరం కలెక్టరేటు చుట్టూ తిరగడం దండగ. బ్రదరన్ సహవాసాల్లో జీతం తీసుకునే పాస్టర్ ఉండరు, పెద్దలందరితో మాట్లాడాలి. పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో పాస్టర్ గారి మాటే మాట. అక్కడ ఒక్క ఉత్తరంతో అయిపోతుంది. కానీ ఆ మాట ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా వెనక్కీ పోవచ్చు.

ప్రతి సంఘం నుంచి తీసుకునే ఒప్పుదల ఒక్క సమస్యకే, ఒక తేదీ వరకే అని రాయించండి. "ఈ కమిటీ మా తరఫున అన్ని విషయాల్లో మాట్లాడుతుంది" అన్న వాక్యం ఎక్కడా ఉండకూడదు. ఆ భయం తీరితేనే పెద్దలు ధైర్యంగా సంతకం పెడతారు.

కమిటీలో ఏడుగురు చాలు. అందులో ముగ్గురు స్త్రీలు ఉండాలి, పాస్టర్లు ముగ్గురికి మించకూడదు. కన్వీనరు పాస్టర్ కాకపోతే మంచిది. రిటైరైన టీచరో, ఎల్ఐసీ ఏజెంటో, డ్వాక్రా లీడరో అయితే ఆఫీసుల భాష తెలుస్తుంది, ఏ సంఘం పెద్ద అన్న పోటీ ఉండదు. ఇంకో చిన్న నియమం కూడా పెట్టుకోండి: ఫ్లెక్సీ వేయించకూడదు. ఎవరి ఫోటో పెద్దది, ఎవరి పేరు పైన అన్న దగ్గర చెడిపోయిన ఐక్యతలు మన మండలాల్లో కొత్తేమీ కాదు.

సమస్య ఎంచుకోవడం

మొదటి సమస్య విశ్వాసులది మాత్రమే కాకూడదు. సమాధుల తోటకు స్థలం అడగడం మనకు సహజంగా తోచే విషయమే, ఎందుకంటే ఏ శాఖవారైనా పూడ్చిపెట్టాల్సిందే. కానీ మొదటిసారే అది తీసుకుంటే ఊళ్లో మిగతావాళ్లు పక్కకు జరుగుతారు, మీరు ఒంటరిగా మిగిలిపోతారు. ముందు ఊరందరికీ కావలసిన పని ఒకటి చేసి చూపించండి. తర్వాత శ్మశానం దారి అడిగినప్పుడు సర్పంచి గారూ రైతులూ మీ పక్కన నిలబడతారు.

ఉద్దానం ఊళ్లలో అయితే వెతుక్కోనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. వంశధార హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అయినా మీ వీధి కుళాయికి ఆ నీళ్లు వస్తున్నాయా, ఎన్ని రోజులకొకసారి వస్తున్నాయి, డయాలసిస్‌కు వెళ్లాల్సిన మనిషి ఆటోకు ఎంత పెడుతున్నాడు అన్నవి వేరే ప్రశ్నలు. వాటి జవాబులు మీ దగ్గరే దొరుకుతాయి.

కోరిక ఎలా ఉండాలంటే, ఒక ఫలానా అధికారి అవుననో కాదనో చెప్పగలిగేలా ఉండాలి. "ఉద్దానానికి న్యాయం చేయండి" అంటే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. "మా ఊరి ట్యాంకుకు వారానికి ఎన్ని రోజులు నీళ్లు వదులుతారో రాతపూర్వకంగా చెప్పండి" అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ఇంజనీరు గారు ఏదో ఒకటి రాయక తప్పదు.

భూమి తగాదా, కుల దాడి లాంటివి మొదటి ప్రయత్నంగా తీసుకోకండి. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితులను చంపేశారు. మడ్డువలస రిజర్వాయరు కింద భూముల గొడవ అది. అలాంటి చోట ప్రార్థన బృందాలు వెళ్లి ఓదార్చి రావడం మంచిదే కానీ, కేసు నడిపేది లాయరు, సాక్షులు, దళిత సంఘాలు. మీరు వాళ్ల వెనక నిలబడండి, ముందు నడవబోకండి.

వివరాలు సేకరించడం

బ్రిటన్‌లో బాప్టిస్టు, మెథడిస్టు, యునైటెడ్ రిఫార్మ్‌డ్ సంఘాలు ప్రజా సమస్యల కోసం ఉమ్మడిగా ఒక బృందాన్ని నడుపుతున్నాయి. 2013లో ఆ సంఘాలు, స్కాట్లండ్ సంఘంతో కలిసి, పేదవాళ్ల గురించి పత్రికలూ నాయకులూ అలవాటుగా అనే మాటలను ఒక్కొక్కటిగా తీసుకుని సర్కారు లెక్కలతో పోల్చి చూశాయి. ఏది నిజం కాదో నివేదికగా బయట పెట్టాయి. వాళ్ల దేశం వేరు, వాళ్ల సంఘాల బలం వేరు. అయినా ఆ వరుస మనకూ పనికొస్తుంది: ముందు లెక్క, తర్వాతే ప్రసంగం.

మీ లెక్క రెండు రకాలుగా రావాలి. ఒకటి, ఇంటింటి సర్వే. స్త్రీల సమాజం వాళ్లు ఈ పని బాగా చేస్తారు, ఏ ఇంట్లోకైనా వెళ్లి కూర్చోగలరు. క్రైస్తవుల ఇళ్లకు మాత్రమే వెళ్లే సర్వే ఎందుకూ పనికిరాదు, వీధిలో వరుసగా అన్ని ఇళ్లకూ వెళ్లాలి. ప్రశ్నలు ఐదు దాటకూడదు. ఆధార్ నంబరు అడగవద్దు, మతం అడగవద్దు.

రెండోది సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవారి పేరుతో పెడితే అదీ ఉండదు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే, వచ్చింది నచ్చకపోతే, 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు ఒక మనిషి పేరుతో పెట్టండి, సంఘం లెటర్‌హెడ్ మీద కాదు. ఆ చట్టం హక్కు ఇచ్చింది పౌరులకు. "ఎందుకు రాలేదు" అని కారణాలు అడగకండి, కాగితాలు అడగండి: నీటి విడుదల రిజిస్టరు కాపీ, నీటి పరీక్ష రిపోర్టు కాపీ, కాంట్రాక్టు పనికి కొలతల పుస్తకం కాపీ.

కాగితం బలం ఎంతో తెలియాలంటే సోంపేట గుర్తు చేసుకోండి. బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని రైతులూ మత్స్యకారులూ ఏళ్ల తరబడి పోరాడారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. రోడ్డు మీద జనం ఎంత ముఖ్యమో, అథారిటీ ముందు పెట్టిన ఫైలూ అంతే ముఖ్యం.

మందిరంలో ఏం చేయకూడదు

చాలామంది పాస్టర్లకు తెలియని చట్టం ఒకటుంది. మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం, 1988. మందిరాన్ని గానీ, గుడిని గానీ, మసీదును గానీ రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదని అది చెబుతుంది. ఆ సంస్థ డబ్బు కూడా వాడకూడదు. అందులో రాజకీయ కార్యకలాపం అన్న మాటకు అర్థం పార్టీ ప్రచారంతో ఆగదు, రాజకీయ స్వభావం ఉన్న సమస్య మీద మీటింగులు, ఊరేగింపులు కూడా అందులోకి రావచ్చు. ఐదేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. కుళాయి నీళ్లు అడగడం రాజకీయమా అని మీరు అనవచ్చు. మీ మీద గిట్టనివాళ్లు ఫిర్యాదు పెడితే ఆ వాదన పోలీస్ స్టేషన్‌లో చేయాల్సి వస్తుంది. అంత టెన్షన్ ఎందుకు? కమిటీ మీటింగులు అంబేడ్కర్ భవనంలోనో, కమ్యూనిటీ హాల్లోనో, ఎవరి ఇంటి అరుగు మీదో పెట్టుకోండి.

కానుకల పెట్టె ముట్టుకోవద్దు. జిరాక్స్, పోస్టు, ఆటో ఖర్చులకు కమిటీ సభ్యులు, ఇష్టమున్న ఊరివాళ్లు తలా కొంత వేసుకోండి. ఒక నోటు పుస్తకంలో ప్రతి రూపాయీ రాయండి, అడిగినవాళ్లకు చూపించండి. విదేశీ విరాళం తీసుకునే సొసైటీ ఏదైనా మీ సంఘానికి ఉంటే దాని డబ్బు, దాని వాహనం, దాని ఆఫీసు దరిదాపులకు కూడా ఈ పనిని వెళ్లనివ్వకండి.

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే ఇంకా జాగ్రత్త. మతం పేరుతో ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) కింద అవినీతి పద్ధతి. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 మెజారిటీతో తేల్చింది. "మన సమస్య తీర్చినవాళ్లకే మన సంఘాల ఓట్లు" అని ఉత్సాహంగా మైకులో అనే తమ్ముడు ప్రతి కమిటీలో ఒకడుంటాడు. మైకు అతనికి ఇవ్వకండి. పైగా ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకోవడం ఆపేస్తుంటారు, కాబట్టి కోడ్ రాకముందే మీ కాగితం లోపలికి వెళ్లిపోవాలి.

ఆదివారం ఆరాధనలో ఏం చేయవచ్చు? ప్రార్థన చేయవచ్చు. ఆమోసు, మీకా, యాకోబు పత్రిక మీద ప్రసంగించవచ్చు. ఒకే ఆదివారం అన్ని సంఘాల్లో అదే వాక్యభాగం తీసుకుంటే చాలా బాగుంటుంది, పెద్ద ఖర్చు లేని ఐక్యత అది. సంతకాల కాగితం మాత్రం ప్రహరీ బయట.

సంతకాలు

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క భాగమే చదవాలనుకుంటే ఇది చదవండి.

మన సంఘాల్లో ఆరాధనకు వచ్చేవారిలో ఎంతోమంది దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. పిల్లల సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఆ హోదా ఉండదు, రాష్ట్రంలో వారిని బీసీ-సి కింద లెక్కిస్తారు. 2025లో మన హైకోర్టు, మతం మారిన వ్యక్తి అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేరని కూడా చెప్పింది. ఇలాంటప్పుడు "ఫలానా సంఘ సభ్యులము" అన్న శీర్షిక కింద రెండు వందల పేర్లు, తండ్రి పేర్లు, ఇంటి నంబర్లు రాసి కలెక్టరేటులో ఇస్తే ఏమవుతుంది? నీళ్లు వస్తాయో రావో తెలియదు కానీ, రేపు ఎవరికైనా కక్ష ఉంటే ఆ జాబితా వాళ్ల చేతికి ఆయుధం అవుతుంది.

అందుకే శీర్షిక "ఫలానా గ్రామస్థులము" అనే ఉండాలి. హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు, ఏ పార్టీవారైనా అదే కాగితం మీద వరుసగా సంతకం పెట్టాలి. పాస్టర్లు కూడా ఊరి మనుషులుగానే, తమ పేరు, వీధి రాసి పెట్టాలి. సంఘాల ఒప్పుదల ఉత్తరాలు కమిటీ ఫైల్లో ఉంటాయి, అర్జీకి జతచేయాల్సిన అవసరం లేదు. ఎవరైనా "నేను సంతకం పెట్టను" అంటే ఎందుకని అడగకండి. వేదిక మీద నుంచి అయ్యగారు చెబితే కాదనలేక పెట్టే సంతకం కూడా వద్దు.

సవర, జాతాపు లాంటి గిరిజన విశ్వాసుల సంగతి వేరు. మతం మారినా ఎస్టీ హోదా పోదు. అయినా శీర్షిక మార్చకండి, ఒకే ఊరికి ఒకే కాగితం.

అర్జీ రాయడం

ఒక పేజీ దాటకూడదు. ఆఫీసులో మీ కాగితం చదివే గుమస్తాకు దొరికేది ఒకటి రెండు నిమిషాలు. వాక్యాలూ ప్రసంగాలూ వద్దు. నమూనా ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి, ...... మండలం ...... గ్రామస్థులు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

మా గ్రామంలో ...... ఇళ్లు ఉన్నాయి. ...... తేదీ నుంచి ...... తేదీ వరకు మేము ఇంటింటికీ తిరిగి చూడగా, రక్షిత మంచినీరు ...... ఇళ్లకు వారంలో రెండు రోజులకు మించి రావడం లేదు. నీరు రాని రోజుల్లో బోరు నీరే తాగుతున్నాము. మా గ్రామంలో డయాలసిస్ చేయించుకుంటున్నవారు ...... మంది ఉన్నారు. సమాచార హక్కు కింద మాకు ఇచ్చిన నీటి విడుదల రిజిస్టరు కాపీ జతచేశాము.

కావున తమరు దయతో, ఒకటి, మా ట్యాంకుకు నీరు విడుదల చేసే రోజులు, వేళలు గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద ప్రకటించేలా, రెండు, తూర్పు వీధికి పైపులైను ఎప్పటిలోగా వేస్తారో తెలియజేసేలా, గ్రామీణ నీటి సరఫరా శాఖవారిని ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు, ...... గ్రామస్థులు."

కోరికలు రెండే. మూడోది రాయాలని ఎవరికో ఒకరికి అనిపిస్తుంది, రాయకండి. రాసిన ప్రతి అంకె వెనక సర్వే కాగితం ఉండాలి. డయాలసిస్ రోగుల సంఖ్య రాయండి, పేర్లు రాయకండి.

సోమవారం

ప్రజా సమస్యల పరిష్కార వేదిక, అంటే పీజీఆర్‌ఎస్, సోమవారాల్లో కలెక్టరేటులో జరుగుతుంది. ఐదుగురికి మించి వెళ్లవద్దు. ఒక పాస్టర్, ఒక స్త్రీల సమాజం సభ్యురాలు, కన్వీనరు, ఊళ్లో క్రైస్తవేతర పెద్ద ఒకరు, సమస్య స్వయంగా అనుభవిస్తున్న మనిషి ఒకరు. మాట్లాడాల్సింది ఆఖరి మనిషి. పాస్టర్ గారికి మాట్లాడే అలవాటు ఎక్కువ కాబట్టి ఈ విషయం ముందు రోజే ఒప్పించుకోండి.

అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. దాని ఫోటో తీసి కమిటీలో అందరికీ పంపండి. తర్వాత 1100కు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే ఫైలు ఎవరి దగ్గరుందో చెబుతారు. కలెక్టరేటుకు ముందు సచివాలయంలో, మండల ఆఫీసులో ఒకసారి ఇచ్చి ఉంటే ఇంకా మంచిది. లేకపోతే కలెక్టరేటు నుంచి తిరిగి అక్కడికే పంపిస్తారు.

కొన్నిసార్లు పని జరగకుండానే "పరిష్కరించబడినది" అని మెసేజ్ వస్తుంది. కోపం వస్తుంది, నిజమే. కానీ వెంటనే రోడ్డెక్కకండి. ఆ మెసేజ్ ప్రింటు తీసి, ట్యాంకు దగ్గర తేదీ కనబడేలా ఫోటో తీసి, రెండూ జతచేసి అర్జీని మళ్లీ తెరవమని అడగండి. విలేకరిని పిలవాలంటే అప్పుడు పిలవండి. చూపించడానికి మీ చేతిలో అప్పటికి ఒక వార్త ఉంటుంది.

ఊరేగింపు ఆఖరి మెట్టు. చేయాల్సి వస్తే స్టేషన్‌లో ముందుగా రాతపూర్వకంగా అనుమతి అడిగి, దరఖాస్తు కాపీ మీద ముద్ర వేయించుకోండి. పోలీసు చట్టం సెక్షన్ 30 (ఊరేగింపులను కట్టడి చేసేది) అమల్లో ఉందని చెబితే మారు మాట్లాడకుండా తేదీ మార్చుకోండి. శిలువ జెండాలూ స్తుతి పాటలూ గుడ్ ఫ్రైడేకి ఉంచండి. ఈ నడకలో బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు ముందు ఉంటే చాలు.

ఎంపీలకు కూడా రాయండి. శ్రీకాకుళం ఎంపీ 2024 నుంచి కేంద్ర మంత్రి. మంత్రులు సభలో ప్రశ్నలు వేయరు, జవాబులు చెబుతారు. కాబట్టి సభలో ప్రశ్న వేయించాలంటే విజయనగరం ఎంపీనో, రాజ్యసభ సభ్యులనో కలవాలి. పని చేయించమని అడగడానికైతే మంత్రి గారి ఆఫీసే సరైన చోటు.

సంఘం పేరుతోనే అడగాల్సినవి

కొన్ని ఉంటాయి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా వాటిలో మొదటిది. 1950 ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు, క్రైస్తవులకూ ముస్లింలకూ సవరించలేదు. హోదాకు మతంతో ముడి తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే విషయం పరిశీలించమని జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ అనుకూలంగా తీర్మానం చేసి పంపింది. ఈ పని జిల్లా స్థాయిలో తేలేది కాదు. ఉత్తర్వు వచ్చిన ఆగస్టు 10న, దళిత విమోచన ఆదివారంగా పాటించే నవంబరు రెండో ఆదివారాన సంఘాలు కలిసి సభ పెట్టుకోవచ్చు. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వారినీ పిలవండి. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఉంది, ఈ విషయంలో వాళ్లకూ మనకూ తేడా లేదు. కానీ ఇక్కడ కూడా సంతకాలు సంఘ బాధ్యులవే ఉండాలి, సర్టిఫికెట్ మీద ఆధారపడిన సామాన్య విశ్వాసులవి తీసుకోకూడదు. ఈ ఫైలును, నీళ్ల ఫైలును ఒకే కమిటీ నడపకూడదు. రెండూ కలిస్తే నీళ్ల ఫైలుకు మతం రంగు పూస్తారు.

సమాధుల తోట అడిగేటప్పుడు శాఖల వారీగా స్థలాలు అడగకండి. ఊరికి ఒకటే, అన్ని సంఘాలకూ కలిపి. ముందు సచివాలయంలో సర్వేయరుతో ఎఫ్ఎంబీ పటం (భూమి కొలతల పటం) తీయించి, శ్మశానం అని రాసి ఉన్న సర్వే నంబరు ఏదైనా ఆక్రమణలో ఉందేమో చూడండి. కొత్త స్థలం అడగడం కన్నా ఉన్నదాన్ని కొలిపించుకోవడం తేలిక.

జవాబు వచ్చాక

వచ్చిన జవాబు మంచిదైనా చెడ్డదైనా ఊళ్లో చదివి వినిపించండి, వీలైతే గ్రామసభలోనే. "మా ప్రార్థనల వల్ల వచ్చింది" అని ఒక సంఘం, "మా పాస్టర్ వల్ల వచ్చింది" అని ఇంకో సంఘం సాక్ష్యం చెప్పుకోవడం మొదలుపెడితే రెండో అర్జీకి ఎవరూ కలిసిరారు. పని చేసిన ఇంజనీరు గారికి ఒక కృతజ్ఞతా ఉత్తరం రాసి, కాపీ కలెక్టర్ గారికి పంపండి. ఆఫీసులకు అలాంటి ఉత్తరాలు అరుదుగా వస్తాయి, గుర్తుంటుంది.

తర్వాత నోటు పుస్తకంలో లెక్క మూసి, మిగిలిన డబ్బు ఎంతో చదివి, ఏం చేయాలో ఇచ్చినవాళ్లనే అడగండి. సర్వే కాగితాల్లో రోగుల వివరాలు ఉంటాయి కాబట్టి పని అయ్యాక వాటిని చింపేయండి. అర్జీ రసీదులు, సమాచార హక్కు జవాబులు, సంఘాల తీర్మానాల కాపీలు ఒక ఫైల్లో పెట్టి కన్వీనరు దగ్గర ఉంచండి. ఒప్పుదల గడువు తీరిన రోజున కమిటీ రద్దయినట్టు మినిట్స్‌లో రాయండి. మరుసటి సమస్యకు మళ్లీ కొత్తగా ఒప్పుదల తీసుకోవాలి.